కుటుంబానికి ఒకే డాక్టరు: కర్నూలులో ఎంచుకోవడం, వాడుకోవడం ఎలా

కర్నూలులో జబ్బు చేసినవారికి డాక్టరు దొరకకపోవడమనే మాట లేదు. గాయత్రీ ఎస్టేట్‌లోనూ ఎన్.ఆర్.పేటలోనూ ఒకే వీధిలో గుండెకు, కీళ్లకు, నరాలకు, మూత్రపిండాలకు వేర్వేరు బోర్డులు కనిపిస్తాయి. 1956లో మొదలైన వైద్య కళాశాల, దానికి అనుబంధమైన పెద్దాసుపత్రి జిల్లాకే కాక చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ దిక్కుగా ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడంటే, ఇంతమందిలో ఎవరి దగ్గరకు వెళ్లాలో రోగే నిర్ణయించుకోవలసి వస్తోంది. తల తిరిగితే నరాల డాక్టరు, మోకాలు నొస్తే ఎముకల డాక్టరు, ఆయాసమొస్తే గుండె డాక్టరు అని ఎవరికి తోచినట్టు వారు వెళ్తారు. ఒక్కొక్కరూ తమ పరిధిలో సరైన మందే రాస్తారు, కానీ ఆ చీటీలన్నిటినీ ఒకచోట పరచి చూసేవారు ఉండరు. మోకాలి నొప్పికి నెలల తరబడి మింగిన బిళ్లలు బీపీని పెంచి మూత్రపిండాలను దెబ్బతీస్తున్న సంగతి చాలా ఇళ్లలో ఆలస్యంగా బయటపడేది ఇందువల్లనే.

ఆ చీటీలన్నిటినీ పరచి చూసే పని ఫ్యామిలీ డాక్టరుది. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఇదే పేరుతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులను గ్రామాలకు పంపే కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. ఈ వ్యాసం దాని గురించి కాదు. ఫీజు చెల్లించి, మీ అంతట మీరు ఎంచుకుని, ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదీ చూపించుకునే ప్రైవేటు డాక్టరు గురించి. ఎంచుకోవడం మొదలు, అవసరమైతే మార్చుకోవడం వరకు ఏమేం చేయాలో వరుసగా చెబుతాను.

మొదట: ఎవరిని ఎంచుకోవాలి

ఇంట్లో అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఈ పని మొదలుపెట్టండి. జ్వరంతో ఒళ్లు కాలుతున్నప్పుడు దగ్గరలో ఏ తలుపు తెరిచి ఉంటే అందులోకే వెళ్తాం, ఎంపికకు తావుండదు.

ఫ్యామిలీ డాక్టరుగా ఎంబీబీఎస్ చదివి సాధారణ ప్రాక్టీసు చేస్తున్నవారు సరిపోతారు. జనరల్ మెడిసిన్‌లో ఎండీ చేసినవారు, ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ (ఎండీకి సమానమైన పట్టా) చేసినవారు ఉంటే మరింత మంచిది. షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్న పెద్దవాళ్లు ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఉంటే నేనైతే జనరల్ మెడిసిన్ చదివినవారివైపే మొగ్గుతాను. అయిదేళ్లలోపు పిల్లలకు పిల్లల డాక్టరును విడిగా పెట్టుకోవడమే మేలు, ఎందుకంటే వాళ్లకు మందు మోతాదు బరువును బట్టి మారుతుంది, టీకాల లెక్క కూడా వేరు.

బోర్డు మీద పేరు పక్కన ఉన్న అక్షరాలతోపాటు రిజిస్ట్రేషన్ నంబరును కూడా చూడండి. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో ప్రదర్శించాలి, మందుల చీటీ మీద, సర్టిఫికెట్ మీద, డబ్బుకిచ్చే రసీదు మీద కూడా వేయాలి. ఫీజు ఎంతో బోర్డు మీద రాసి పెట్టాలని కూడా ఆ నియమావళిలోనే ఉంది. నంబరు కనిపించని చోట అడగడానికి మొహమాటపడవద్దు.

ఇక్కడ ఆర్ఎంపీల సంగతి చెప్పక తప్పదు. చట్టంలో ఆ మాటకు అర్థం నమోదైన వైద్యుడు అని. మన పల్లెల్లో మాత్రం ఏ వైద్య పట్టా లేకుండా సూది వేసేవారిని ఆర్ఎంపీ డాక్టరు అంటున్నాం. కోడుమూరు, పత్తికొండ వైపు ఊళ్లలో రాత్రి పన్నెండుకు పిలిచినా వచ్చేది ఆయనే కాబట్టి జనం ఆయన్ని నమ్మడంలో ఆశ్చర్యమేమీ లేదు. అయితే జ్వరమేదైనా యాంటీబయాటిక్ సూది, నీరసమేదైనా గ్లూకోజు సీసా, ఒళ్లు నొప్పులకు స్టెరాయిడ్ అనే పద్ధతి అసలు జబ్బును కప్పిపెడుతుంది. ఇంకొక చిక్కు కూడా ఉంది. పట్నంలో ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఆయనే చెప్పి, వెంట వచ్చి చేర్పించినప్పుడు, ఆ సలహా వెనుక కమిషన్ ఉందో లేదో మీకు తెలిసే దారి లేదు. రోగిని పంపినందుకు కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ డాక్టర్లకు పై నియమావళి నిషేధించిన పనులే. కాబట్టి ఆయన సహాయం తోడు రావడం వరకే తీసుకోండి; ఏ ఆసుపత్రి, ఏ డాక్టరు అన్న నిర్ణయాన్ని ఆయనకు వదలవద్దు.

చదువు సరిపోయిందనుకున్నాక చూడవలసినవి చిన్న చిన్న విషయాలే అయినా, పదేళ్లపాటు మీ సంబంధం నిలబడేది వాటిమీదే. క్లినిక్ ఇంటికి ఆటోలో తేలిగ్గా చేరేంత దూరంలో ఉండాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ మెట్లెక్కవలసిన రెండో అంతస్తులో ఉంటే ఆమె ఆర్నెల్లకొకసారి కూడా రాదు. సాయంత్రం ఎన్ని గంటల వరకు చూస్తారు, ఆదివారం ఉంటారా, ఊరెళ్లినప్పుడు తన రోగులను ఎవరికి అప్పజెబుతారు అన్నవి కాంపౌండరును అడిగి తెలుసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉర్దూలోనో, ఆదోని వైపు నుంచి వచ్చినవారైతే కన్నడంలోనో బాధ చెప్పుకోవడానికి అలవాటుపడి ఉంటే, ఆ భాష తెలిసిన డాక్టరు దొరకడం పెద్ద సౌకర్యం. నొప్పి ఎలా ఉందో సొంత మాటలో చెప్పినంత కచ్చితంగా మరో మాటలో చెప్పలేం.

చివరిగా, ఒక చిన్న జబ్బుకు వెళ్లి చూడండి. మీరు చెప్పేది పూర్తిగా విన్నారా, ముట్టుకుని పరీక్షించారా, మందు అవసరం లేకపోతే లేదని చెప్పగలిగారా అన్నది గమనించండి. జలుబుకు వెళ్తే రెండు రోజుల్లో అదే తగ్గుతుందని చెప్పి తక్కువ మందులతో పంపిన డాక్టరును హస్తవాసి లేదని వదిలేసుకునేవారు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో పెట్టుకోవలసింది ఆ డాక్టరునే.

రెండో పని: ఇంటి ఫైలు తయారు చేయడం

ఈ మొత్తం వ్యాసంలో ఒక్క పనే చేయగలిగితే ఇది చేయండి. డాక్టరు దగ్గర మన వివరాలన్నీ ఉంటాయని చాలామంది అనుకుంటారు. రికార్డులను 3 ఏళ్లు భద్రపరచాలన్న నియమం ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారికి వర్తించేదే. ఓపీలో చూపించుకున్నవారి చరిత్ర చాలావరకు వారి చేతిలో ఉన్న చీటీలోనే ఉంటుంది. ఆ చీటీ పోతే చరిత్ర పోయినట్టే.

ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు కొనండి. అందరివీ కలిపి ఒకే కవరులో కుక్కవద్దు. మొదటి పేజీలో వయసు, బ్లడ్ గ్రూపు, ఉన్న జబ్బులు, అవి ఎప్పుడు బయటపడ్డాయి, జరిగిన ఆపరేషన్లు, పడని మందులు రాయండి. ఏ మందుకు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయో, ఏ సూదికి కళ్లు తిరిగి పడిపోయారో పెద్ద అక్షరాలతో ఉండాలి. దాని కింద అమ్మానాన్నలకు, తోడబుట్టినవారికి షుగరు, గుండెజబ్బు, పక్షవాతం ఉన్నాయా, ఏ వయసులో వచ్చాయి అన్నది రాయండి. వెనుక పేజీల్లో పరీక్షల రిపోర్టులు, మందుల చీటీలు తేదీల వరుసలో పెట్టండి, కొత్తవి పైన ఉండేటట్టు.

మన జిల్లావారు అదనంగా రాసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. తాగే నీరు ఎక్కడిదో, బోరుదా, కుళాయిదా, క్యానుదా రాయండి. రాయలసీమ భూగర్భజలాల్లో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి, నడుము, మెడ బిగుసుకుపోయిందన్నప్పుడు డాక్టరుకు ఆ వివరం పనికొస్తుంది. చేసే పని ఏమిటో రాయండి: బండ పాలిషు చేసే చోట దుమ్ము పీల్చేవారి దగ్గును, పొలంలో పురుగుమందు కొట్టేవారి తలనొప్పిని డాక్టరు వేరే కోణంలో చూస్తారు. ఏటా సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లే కుటుంబాలు, ఎన్ని నెలలు ఊళ్లో ఉండరో ముందే చెబితే మందులు దానికి తగ్గట్టుగా రాస్తారు. పసరు మందులు, పొడులు, లేహ్యాలు వాడుతుంటే వాటినీ దాచవద్దు. తిడతారని దాచిన మందే కాలేయానికి చేటు చేసినదైతే, అసలు కారణం తెలియక రోగం మరెక్కడో వెతకవలసి వస్తుంది.

మొదటిసారి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న మందులన్నిటినీ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్లండి, చీటీలు ఉన్నా సరే. చీటీలో రాసిన మందు ఒకటి, షాపువాడు ఇచ్చిన కంపెనీ మరొకటి, పొద్దున వేసుకుంటున్నది ఇంకొకటి అయిన సందర్భాలు తక్కువేమీ కావు. ఒకే మందు రెండు వేర్వేరు కంపెనీల పేర్లతో ఇద్దరు డాక్టర్లు రాసి ఉంటే, డబ్బాలు బల్ల మీద పెట్టినప్పుడే అది తెలుస్తుంది.

కాగితాలతోపాటు ఫోనులోనూ దాచుకోవాలనుకునేవారు 14 అంకెల ఆభా నంబరు తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన ఈ డిజిటల్ ఆరోగ్య ఖాతాకు మీ అనుమతితో రికార్డులను జోడించవచ్చు. అయితే చిన్న క్లినిక్‌లలో ఇప్పటికీ కాగితమే చెల్లుతుంది కనుక ఫైలును అటకెక్కించవద్దు.

మూడో పని: లోపలికి వెళ్లిన ఆ అయిదు నిమిషాలు

టోకెను తీసుకుని గంటన్నర కూర్చున్నా, డాక్టరు ఎదురుగా ఉండేది కొద్ది నిమిషాలే. ఆ సమయాన్ని చాలామంది పాత ముచ్చట్లతో మొదలుపెట్టి, అసలు బాధను తలుపు దగ్గర లేచి నిలబడ్డాక చెబుతారు. "సార్, ఇంకొక మాట, అప్పుడప్పుడు ఎడమ రొమ్ము దగ్గర పట్టేసినట్టుంటుంది" అన్న వాక్యం చివర్లో వస్తే, డాక్టరు మళ్లీ మొదటినుంచి చూడవలసిందే. కాబట్టి అన్నిటికంటే భయపెడుతున్న సంగతిని ముందు చెప్పండి. ఏ రోజు మొదలైంది, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది, ఇప్పటికే ఏ మందు వేసుకున్నారు అన్నవి ఇంటి దగ్గరే చీటీ మీద రాసుకుని వెళ్తే తడబాటు ఉండదు. జబ్బు పేరు మీరు చెప్పవద్దు, బాధ చెప్పండి. "గ్యాసు పట్టింది" అని వెళ్లినవారికి అది గుండెనొప్పి అని తేలిన సందర్భాలు ప్రతి డాక్టరుకూ తెలుసు.

ఆడవాళ్ల విషయంలో ఒక మాట. భర్త, కొడుకు లేక అత్త పక్కన కూర్చుని వాళ్లే సమాధానాలు చెప్పడం మన దగ్గర మామూలు. తెల్లబట్ట, నెలసరి, మనసు బాగుండకపోవడం వంటివి అందరి ముందూ బయటికి రావు. కాసేపు ఒంటరిగా మాట్లాడాలని అడగవచ్చు. మగ డాక్టరైతే పరీక్షించేటప్పుడు నర్సు పక్కన ఉండాలని కోరవచ్చు. రోగి చెప్పిన విషయాలను గోప్యంగా ఉంచడం డాక్టరు విధి, ఇంట్లోవాళ్ల దగ్గర కూడా.

సూది వేయమని, గ్లూకోజు ఎక్కించమని మీరు అడగవద్దు. నోటితో తాగగలిగిన మనిషికి సీసాలోని నీటివల్ల ప్రత్యేకంగా వచ్చే బలం లేదు. జలుబు, చాలా రకాల జ్వరాలు వైరస్ వల్ల వచ్చేవి. వాటిమీద యాంటీబయాటిక్ పనిచేయదు. డాక్టరు ఆ మందు రాస్తే ఎన్ని రోజులు వాడాలో అడిగి అన్ని రోజులూ వాడండి. పోయినసారి మిగిలిన బిళ్లలను ఈసారి జ్వరానికి మింగవద్దు. అట్ట మీద నిలువు ఎర్ర గీత ఉన్న మందులు డాక్టరు చీటీ లేకుండా కొనకూడనివి.

లేచే ముందు మూడు సంగతులు తెలుసుకోకుండా రావద్దు: జబ్బు ఏమిటని డాక్టరు అనుకుంటున్నారు, ఎన్ని రోజుల్లో తగ్గాలి, ఏం కనిపిస్తే ఆగకుండా రావాలి. వీటిలో మూడోది అడిగేవారు తక్కువ, కానీ ప్రాణాలు నిలబెట్టేది అదే. జ్వరం మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, జ్వరం తగ్గుతున్న సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, ముక్కు నుంచి రక్తం వస్తే అది డెంగీ ముదురుతున్న గుర్తు కావచ్చునని ముందే తెలిసినవారు "జ్వరం పోయిందిలే" అని ఇంట్లో కూర్చోరు.

చీటీ అర్థం కాకపోతే అక్కడే చదివించుకోండి. మందులను జనరిక్ పేరుతో, అంటే కంపెనీ పెట్టిన పేరుతో కాక మందు అసలు పేరుతో, అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లో సవరించిన నియమం చెబుతోంది. జనరిక్ పేరు ఉంటే జనౌషధి కేంద్రంలో తక్కువ ధరకు అదే మందు అడగవచ్చు. మళ్లీ చూపించుకోవడానికి వస్తే ఎన్ని రోజులలోపు ఫీజు ఉండదో కూడా బయట కాంపౌండరును అడగండి. ఒక్కో క్లినిక్‌లో ఒక్కో లెక్క.

నాలుగో పని: బీపీ, షుగరు ఉన్నవారి వాయిదాలు

ఫ్యామిలీ డాక్టరు వల్ల నిజమైన లాభం ఇక్కడే కనిపిస్తుంది. ఈ జబ్బుల్లో బాధ ఉండదు కాబట్టి రోగి రాడు, రోగి రాడు కాబట్టి మందు మారదు. ఒంట్లో బాగున్నా సరే, డాక్టరు చెప్పిన వాయిదాకు వెళ్లండి.

ఇంట్లో బీపీ చూసుకునేవారు చేతి రెట్టకు కట్టే యంత్రమే కొనండి. అయిదు నిమిషాలు వెన్ను ఆనించి కూర్చుని, పాదాలు నేలకు తాకేటట్టు పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి చూడాలి. అంతకు ముందు అరగంటలో టీ, కాఫీ, బీడీ, సిగరెట్ ఉండకూడదు. డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు వారం రోజులపాటు పొద్దున మందు వేసుకోకముందు, సాయంత్రం ఒకసారి చూసి రాసుకున్న పట్టిక, క్లినిక్‌లో హడావిడిగా చూసిన ఒక్క అంకెకంటే ఎక్కువ చెబుతుంది. క్లినిక్ మెట్లెక్కి ఆయాసంతో కూర్చోగానే చూసిన బీపీని బట్టి మందు పెంచబోతే, కాస్త ఆగి మళ్లీ చూడమని మర్యాదగా అడగవచ్చు.

షుగరు విషయంలో పరగడుపు పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకూడదు, నీళ్లు తాగవచ్చు. తిన్నాక చేసే పరీక్షకు తినడం మొదలుపెట్టిన నిమిషం నుంచి 2 గంటలు లెక్కపెట్టాలి. ఆ పూట మామూలుగా తినేదే తినండి. రిపోర్టు బాగా రావాలని రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటే డాక్టరును కాదు, మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు. సుమారు మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను, అదుపులో లేనివారికి మూడు నెలలకు, ఉన్నవారికి ఆరు నెలలకు చేయిస్తారు. రక్తహీనత ఉన్నవారిలో ఆ అంకె దారి తప్పించవచ్చు. మన ఆడవాళ్లలో రక్తం తక్కువగా ఉండడం సాధారణం కాబట్టి హిమోగ్లోబిన్ రిపోర్టును కూడా పక్కనే పెట్టి చూపించండి. ఏడాదికొకసారి కంటి వెనుక పొర పరీక్ష, పాదాల పరీక్ష, మూత్రపిండాల పనితీరు తెలిపే మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ పరీక్షలు జరగాలి. డాక్టరు మరిచిపోతే మీరు గుర్తుచేయండి, ఆయన ఏమీ అనుకోరు.

తిండి గురించి నిజం చెప్పండి. జొన్న రొట్టె, కొర్రన్నం, రాగి సంగటి తింటున్నాం కదా అని లెక్క లేకుండా తినేవారు చాలామంది. అవి బియ్యంకంటే మేలే అయినా పిండిపదార్థాలే, కొలత తప్పదు. పొద్దున ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం ఊరగాయ, సాయంత్రం మిరపకాయ బజ్జీ తింటూ ఉప్పు తగ్గించామని చెబితే, మందు పనిచేయడం లేదనుకుని డాక్టరు అనవసరంగా మోతాదు పెంచుతారు.

ఉపవాసాలకు ముందు తప్పనిసరిగా వెళ్లండి. రంజాన్ నెల మొదలవడానికి కొన్ని వారాల ముందే షుగరు ఉన్నవారు డాక్టరుతో మాట్లాడితే, సహరికి, ఇఫ్తారుకు తగినట్టు మందుల వేళలు, మోతాదులు మారుస్తారు. గ్లిమిపిరైడ్ వంటి బిళ్లలు, ఇన్సులిన్ వాడేవారికి పగలంతా తినకపోతే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. అయ్యప్ప దీక్షలో ఒంటిపూట భోజనం చేసేవారికి, ఏకాదశి ఉండే పెద్దవాళ్లకు ఇదే వర్తిస్తుంది. అలాగే ఏప్రిల్, మే నెలల్లో మన ఎండల్లో చెమట పట్టి నీరసించేవారు, మూత్రం ఎక్కువగా వచ్చేటట్టు చేసే బీపీ మందు వాడుతుంటే, మోతాదు గురించి ఒకసారి అడగాలి.

ఫోనులో అడగడం

ప్రతిదానికీ క్లినిక్‌కు వెళ్లనక్కరలేదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫోను, వీడియో, సందేశాల ద్వారా వైద్యం చేయడానికి నమోదైన డాక్టర్లకు అనుమతి ఇచ్చాయి. ఇప్పటికే చూస్తున్న జబ్బుకు మందులు కొనసాగించడం, రిపోర్టు చూసి చెప్పడం వంటివి ఇలా జరుగుతాయి. నిద్రమాత్రల్లో కొన్ని, మత్తు కలిగించే నొప్పి మందులు మాత్రం ఫోను మీద రాయరు. అడిగి ఇబ్బంది పెట్టవద్దు.

వాట్సాప్‌లో రిపోర్టు పంపేటప్పుడు రోగి పేరు, వయసు, వాడుతున్న మందులు, అడగదలచుకున్న ప్రశ్న ఒకే సందేశంలో రాయండి. నీడ పడిన సగం ఫోటో పంపి "సార్ చూడండి" అంటే ఆయన ఏం చూడాలి? ఫోను సలహాకు ఫీజు ఉందేమో అడిగి చెల్లించండి. ఉచితంగా పదిసార్లు అడిగినవారి పదకొండో ఫోను ఎత్తకపోతే తప్పు ఆయనది కాదు. ఛాతీనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వంటివి సందేశంలో రాసి సమాధానం కోసం ఎదురుచూడవద్దు.

పెద్ద డాక్టరు దగ్గరకు వెళ్లవలసి వచ్చినప్పుడు

ఫ్యామిలీ డాక్టరు చేతిలో ఉన్న పెద్ద పనిముట్టు ఒక ఉత్తరం. ఫలానా రోగి, ఇన్నేళ్లుగా ఈ జబ్బులు, ఈ మందులు, ఇప్పుడు ఈ అనుమానంతో పంపుతున్నాను అని రాసిన నాలుగు వరుసలు తీసుకుని స్పెషలిస్టు దగ్గరకు వెళ్లినవారికి, అక్కడ మొదటినుంచి పరీక్షలు చేయించుకునే ఖర్చు చాలావరకు తప్పుతుంది. ఆ ఉత్తరం అడిగి రాయించుకోండి. ఎందుకు పంపుతున్నారు, ఇక్కడే కర్నూలులో సరిపోతుందా, 200 కిలోమీటర్లకు పైగా ఉన్న హైదరాబాదుకు వెళ్లవలసినంత అవసరమా అని కూడా అడగండి. పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉంటే అక్కడికే వెళ్లమని నిర్మొహమాటంగా చెప్పే ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు. అలాంటివారి మాటకు విలువివ్వండి. ఫలానా ల్యాబులోనే, ఫలానా స్కానింగు సెంటరులోనే చేయించాలని పట్టుబడితే కారణం అడగవచ్చు. నాణ్యత గురించి సూటిగా కారణం చెబితే వినండి, విసుక్కుంటే ఆలోచించుకోండి.

ఖర్చు విషయంలో గుర్తుంచుకోవలసినది, రాష్ట్ర ప్రభుత్వ ఉచిత చికిత్స పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ దాని నెట్‌వర్కులో ఉన్న ఆసుపత్రుల ద్వారా నడుస్తుంది. వీధి చివర క్లినిక్‌లో ఇచ్చే ఓపీ ఫీజుకు, నెలనెలా కొనే మందులకు వర్తించదు. ఆపరేషన్ అవసరమన్నప్పుడు, చేరబోయే ఆసుపత్రి ఆ జబ్బుకు నెట్‌వర్కులో ఉందో లేదో అక్కడ ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ప్రైవేటు బీమా ఉన్నవారు చేరడానికి ముందు ఫ్యామిలీ డాక్టరు రాసిన చీటీలు, బిల్లులు పారేయవద్దు. చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరకముందు కొన్ని వారాల ఖర్చును కూడా ఇస్తాయి, చీటీ ఉంటేనే.

క్షయ అని తేలితే భయపడి దాచవద్దు. ఆ రోగుల వివరాలను ప్రభుత్వానికి తెలియజేయడం 2012 నుంచి ప్రైవేటు డాక్టర్లకు కూడా తప్పనిసరి. ప్రైవేటులో చూపించుకుంటూనే ఉచిత మందులు పొందవచ్చు; పోషణకు నెలకు 500 రూపాయలుగా ఉన్న సాయం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలైంది. క్షయ రోగుల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో మీ పేరు నమోదైందా అని డాక్టరును అడగండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక వారంలోపు డిశ్చార్జి కాగితంతో ఫ్యామిలీ డాక్టరును మళ్లీ కలవాలి. ఈ మెట్టును దాదాపు అందరూ వదిలేస్తారు. అక్కడ కొత్తగా మొదలుపెట్టినవి, ఇక్కడ పాతవి కలిసి ఎన్ని మందులయ్యాయో, ఏవి ఆపాలో తేల్చవలసింది ఆయనే.

ఫ్యామిలీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లకూడనివి

ఛాతీలో బరువు, చెమటలు, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, మూతి వంకరపోవడం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, గర్భిణికి రక్తస్రావం, ఫిట్సు, పురుగుమందు తాగడం, పెద్ద ప్రమాదం. వీటికి 108కు ఫోను చేసి సీటీ స్కాను, ఐసీయూ ఉన్నచోటికి నేరుగా వెళ్లండి. పక్షవాతంలో రక్తం గడ్డను కరిగించే సూది, లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే పనికొస్తుంది. క్లినిక్‌లో టోకెను కోసం కూర్చున్న గంట అందులోంచే పోతుంది. దారిలో ఫ్యామిలీ డాక్టరుకు ఫోను చేసి చెప్పడం మంచిదే.

పాము కరిస్తే గట్టిగా తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు, మంత్రం కోసం ఆగవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, విరుగుడు మందు ఉచితంగా దొరికే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కుక్క కరిస్తే ముందు 15 నిమిషాలపాటు సబ్బుతో, ధారగా పోసే నీటితో కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు.

సర్టిఫికెట్లు, ఫిర్యాదులు, డాక్టరును మార్చుకోవడం

ఏళ్లుగా పరిచయం ఉందని, పోయిన వారం తేదీతో సెలవు సర్టిఫికెట్ ఇమ్మని అడగవద్దు. ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్‌ను డాక్టరు రిజిస్టరులో నమోదు చేయాలి. తప్పుడు సర్టిఫికెట్ ఆయన రిజిస్ట్రేషన్‌కే ముప్పు తెస్తుంది.

ఫీజు తీసుకుని చేసిన వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని నమ్మితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు మీకుంది. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. వృత్తి నియమాలు మీరారన్న ఫిర్యాదు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు పంపాలి. ఆసుపత్రిలో చేరి ఉంటే రికార్డుల కోసం రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. మందు పనిచేయకపోవడం, జబ్బు ఆలస్యంగా తగ్గడం మాత్రమే నిర్లక్ష్యం కావు; కాగితాలు పట్టుకుని ముందు ఆ డాక్టరుతోనే కూర్చుని మాట్లాడితే చాలా అనుమానాలు అక్కడే తీరిపోతాయి.

వినడం మానేసినా, అడిగిన ప్రతిసారి విసుక్కున్నా, చెప్పకుండా పరీక్షలు పెరుగుతూ పోయినా డాక్టరును మార్చుకోండి. ఒక్క జ్వరం మూడు రోజుల్లో తగ్గలేదని మార్చవద్దు. నెలకొక క్లినిక్ తిరిగితే మళ్లీ చీటీలన్నీ చెల్లాచెదురవుతాయి. మార్చేటప్పుడు పాత డాక్టరుకు చెప్పి, ఇప్పటివరకు జరిగిన వైద్యాన్ని ఒక కాగితం మీద రాసివ్వమని అడగండి, ఇంటి ఫైలును యథాతథంగా కొత్తవారి ముందు పెట్టండి. వారు చూసి మార్చేవరకు పాత మందులను ఒక్కరోజు కూడా ఆపవద్దు, ముఖ్యంగా బీపీ, మూర్ఛ, థైరాయిడ్ మందులను, రక్తాన్ని పలచబరిచే మందులను.